అత్తగారి ముందు తెలుగులో చెప్పిన మాట

ఢిల్లీ పక్కన ఫరీదాబాద్‌లో నేను పనిచేసిన ఆసుపత్రిలో అందరూ నన్ను కేరళ అమ్మాయనే అనుకునేవాళ్ళు. దక్షిణాది నర్సు అనగానే వాళ్ళకు కేరళే గుర్తొస్తుంది. మొదట్లో కాదండీ, మాది ఆంధ్రా అని దిద్దేదాన్ని. అచ్ఛా, అచ్ఛా అని తలాడించి, మర్నాడు మళ్ళీ నా పక్కనున్న మలయాళీ సిస్టర్‌ని పిలిచి మీ ఊరమ్మాయికి ఈ సంగతి చెప్పు అనేవాళ్ళు. కొన్నాళ్ళకు దిద్దడం మానేశాను.

మాది తుని. కాకినాడలో నర్సింగ్ చదివి, నాతో చదువుకున్న స్నేహితురాలు రమ్మంటే ఢిల్లీ వచ్చాను. ఇద్దరం కలిసి ఒక సెక్టార్లో మేడ మీద గది తీసుకున్నాం. ఏడాది తిరక్కుండానే తనకు పెళ్ళి కుదిరి వెళ్ళిపోయింది. ఆ తర్వాత గదిలో నేనొక్కదాన్నే. డ్యూటీలో హిందీ, డాక్టర్లతో ఇంగ్లీషు, భోజనాల గదిలో నా చుట్టూ మలయాళం. మలయాళీ సిస్టర్లు మంచివాళ్ళు. నా కోసం మధ్యమధ్య హిందీలోకి వచ్చేవాళ్ళు. నవ్వొచ్చే చోట మాత్రం మళ్ళీ మలయాళంలోకి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళు నవ్వడం అయిపోయాక నేను నవ్వేదాన్ని.

నా పని అప్పుడే పుట్టిన పిల్లల ఐసీయూలో. నర్సరీ అనేవాళ్ళం. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, కామెర్లు వచ్చినవాళ్ళు, ఊపిరి సరిగా అందనివాళ్ళు ఉండేవారు. నాకా పని ఇష్టం. ఆ పిల్లలకు ఏ భాషైనా ఒకటే కనుక, వాళ్ళతో మాత్రం రోజంతా తెలుగులో మాట్లాడేదాన్ని. ఏరా బుజ్జీ, పాలు తాగవా, ఎందుకురా అలక అంటూ. పక్క సిస్టర్ నవ్వేది.

నేను చెప్పబోయే బిడ్డ దీపావళి వెళ్ళిన వారంలో పుట్టాడు. నెలలు నిండి, మంచి బరువుతో, సిజేరియన్ చేస్తే పుట్టాడు. మొదటిరోజు తల్లి పక్కనే ఉన్నాడు. తండ్రి వైపువాళ్ళు పంజాబీలు, ఆ ఊళ్ళో పాతకాలం నుంచీ ఉన్నవాళ్ళు. మనవడు పుట్టాడని నాయనమ్మ అంతస్తంతా లడ్డూలు పంచింది. నాకూ రెండిచ్చి, కేరళలో ఇంత నెయ్యి వేస్తారా అని అడిగింది.

రెండోరోజు మధ్యాహ్నం ఆ బిడ్డను నర్సరీకి తెచ్చారు. ఏడుపు ఆగడం లేదని, పాలు పట్టడం లేదని. తెస్తున్నప్పుడే వరండా చివరి నుంచి ఆ ఏడుపు వినబడింది. పసిపిల్లల ఏడుపులు నాకు అలవాటే. ఆకలిదొకటి, తడిదొకటి, నిద్రదొకటి. ఇది అందులో ఏదీ కాదు. సన్నగా, పైకెక్కి, మధ్యలో ఎక్కడా తగ్గని ఏడుపు. చేతిలోకి తీసుకుంటే చేతులూ గడ్డమూ వణుకుతున్నాయి. గుడ్డ మార్చడానికి ముట్టుకుంటే చాలు, ఒళ్ళంతా ఉలిక్కిపడుతున్నాడు. పిడికిళ్ళు నోట్లో కుక్కుకుని ఆబగా చీకుతున్నాడు గానీ, పాలు పడితే రెండు గుక్కలు తాగి వదిలేస్తున్నాడు. వరసగా తుమ్ములు. మెడ వెనక చెమట. ఢిల్లీలో అప్పటికే స్వెట్టర్లు బయటికి తీస్తున్న రోజులు.

మా డాక్టర్ మేడమ్‌కు యాభై ఏళ్ళుంటాయి. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. రక్తంలో చక్కెర చూడమంది, కాల్షియం చూడమంది, ఇన్ఫెక్షన్ పరీక్షలకు పంపింది. తలకు స్కానింగ్ చేయించింది. యాంటీబయాటిక్స్ మొదలుపెట్టింది. ఒక్కొక్క పరీక్షా వస్తోంది, ఏ దోషమూ లేదంటోంది. బిడ్డకు మాత్రం ఇంకా ఎక్కువవుతోంది. విరేచనాలు మొదలయ్యాయి. మోకాళ్ళు పక్కగుడ్డకు రాసుకుని రాసుకుని ఎర్రగా పుండ్లు పడ్డాయి.

తల్లిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. అప్పటిదాకా ఆమెను నేను చూడలేదు. బిడ్డ చేతికి కట్టిన పట్టీ మీద తల్లి పేరు పక్కన పంజాబీ ఇంటిపేరుంది. ఆమె కూడా వాళ్ళ మనిషే అనుకున్నాను. కుర్చీలోంచి ముందుకు వంగి, వేలితో బిడ్డ అరికాలు తాకి, చాలా నెమ్మదిగా అంది.

"ఏమైందిర నాయనా నీకు. ఎందుకిట్ల ఏడుస్తున్నవ్."

నేను చేస్తున్న పని ఆపేశాను. మీరు తెలుగాండీ అన్నాను. ఆమె తలెత్తి నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ముందు సంతోషం కనబడింది, వెంటనే అది భయంలా మారింది. ఆ భయం ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు. ఆమెది హన్మకొండ. సాకేత్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం. అక్కడే పరిచయమైన అతన్ని పెళ్ళి చేసుకుంది. ఆమెవాళ్ళకు ఇష్టం లేదు, రాకపోకలు లేవు. ఇంట్లో అందరూ హిందీ, పంజాబీ. తెలుగు మాట్లాడి ఎంత కాలమైందో అని అంది. నాకూ అంతేనండీ అన్నాను.

ఆ సాయంత్రం గదికి వెళ్ళి వంట చేసుకుంటూ ఆమెతో ఏమేం మాట్లాడాలో ఆలోచించుకున్నాను. ఒక బిడ్డ అంత బాధపడుతుంటే నాకు అంత సంతోషం కలగడం తప్పని అనిపించలేదు. ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

మర్నాడు డాక్టర్ మేడమ్ తల్లి ఉన్న గదికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. గదిలో భర్త, అత్తగారు, ఆడపడుచు ఉన్నారు. గర్భంతో ఉన్నప్పుడు ఏ మందులు వాడావని మేడమ్ అడిగింది. ఐరన్, కాల్షియం అని ఆమె చెప్పింది. ఇంకేమైనా? నిద్రకు గానీ, నొప్పికి గానీ, దగ్గుకు గానీ? ఏమీ లేవంది. అత్తగారు అందుకుని, మా ఇంట్లో అలాంటివి ఎవరూ వాడరు డాక్టర్ సాబ్, అన్నీ నేనే దగ్గరుండి చూశాను, ఒక్క చింతపండు మాత్రం మానిపించలేకపోయాను, ఆ పులుపు వల్లే బిడ్డకు విరేచనాలు అని చెప్పింది. బయటికొచ్చాక మేడమ్ కిటికీ దగ్గర నిలబడి, ఆ అమ్మాయి చేతులు వణకడం చూశావా అంది నాతో. నేను చూడలేదు. ఆవలింతలు చూశావా అంది. అవీ చూడలేదు. నేను చూసింది తెలుగు మాట్లాడే మనిషిని, అంతే. ఇంట్లోవాళ్ళు లేనప్పుడు మళ్ళీ అడగాలి అంది మేడమ్. కానీ ఇంట్లోవాళ్ళు లేని సమయమంటూ ఉండదు. అత్తగారు రాత్రీ పగలూ అక్కడే మకాం.

మధ్యాహ్నం పాలు పిండే పంపు ఇవ్వడానికి వెళ్ళాను. అత్తగారు సోఫాలో కూర్చుని కమలాలు ఒలుస్తోంది. గదంతా ఆ వాసన. కోడలికి పంపు ఎలా వాడాలో చూపిస్తున్నాను. ఆమె నా చేతుల వైపే చూస్తూ, గొంతు పెంచకుండా తగ్గించకుండా అంది.

"మొఖం మామూలుగ పెట్టి విను చెల్లె. పాల గురించి అడుగుతున్ననని అనుకుంటది ఈమె."

నేను పంపు వైపే చూస్తూ ఊఁ అన్నాను.

"రెండేండ్ల కింద నాకు ఆటో ఆక్సిడెంట్ అయింది. నడుం నొప్పికి గోలీలు రాసిచ్చిన్రు. అయి నేను ఆపలే. కడుపుతోని ఉన్నప్పుడు గూడ ఆపలే. ఆపుదామని జూసిన, నాతోని కాలే."

"ఏ గోలీలండీ?"

ట్రమడాల్ అని చెప్పింది. రోజూ ఎన్ని వేసుకునేదో కూడా చెప్పింది. నా చేతిలో పంపు కదలడం ఆగిపోయింది. నల్లమందు జాతి మందులవి. తొమ్మిది నెలలూ తల్లి రక్తంలోంచి బిడ్డకు అందిన మందు, బొడ్డు కోసిన క్షణాన ఆగిపోయింది. ఆ మందు లేక వాడి ఒళ్ళు విలవిల్లాడుతోంది. ఆ సంగతి పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను. చేతుల్లో పట్టుకుని కూడా గుర్తుపట్టలేదు.

అత్తగారు తలెత్తి, క్యా కెహ్ రహీ హై, ఏమంటోంది అని నన్నడిగింది. పాలు సరిగా రావడం లేదంటోంది మాతాజీ అన్నాను హిందీలో. దిగులుపడకు బేటా, వస్తాయి అని ఆవిడ ఒక తొన తీసి కోడలి నోటికి అందించింది. కోడలు తిన్నది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే, నొప్పా అని అడిగింది ఆవిడ. అవునంది.

డాక్టర్‌కు చెప్పక తప్పదక్కా అన్నాను తెలుగులో. ఆమె తల ఊపింది. "చెప్పు. అందుకే నీకు చెప్పిన. ఈమెకు మాత్రం తెల్వనియ్యకు." అంతవరకూ అండీ అంటూ మాట్లాడిన నేను ఆమెను అక్కా అని ఎప్పుడు పిలవడం మొదలుపెట్టానో అప్పుడు గమనించలేదు.

మేడమ్ తిడుతుందేమోనని భయపడ్డాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి ఒక నిట్టూర్పు విడిచింది, అంతే. మనకు తెలిసింది కదా, ఇక దారి దొరికినట్టే అంది. ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. యాంటీబయాటిక్స్ ఆపేశారు. నర్సరీలో దీపాలు, మెషీన్ల చప్పుళ్ళు వాడికి పడవని, వరండా చివర్న చిన్న గది ఖాళీ చేయించి అక్కడికి మార్చారు. కిటికీకి మందపాటి కర్టెన్. అక్కడ గట్టిగా మాట్లాడకూడదు. బిడ్డను గుడ్డలో ఒద్దికగా చుట్టి, గుండెకు ఆనించి పట్టుకోవాలి, వీలైనంత సేపు. తల్లే పట్టుకోవాలి, తల్లి నిద్రపోతే ఇంకొకరు. అప్పటికీ తగ్గకపోతే మందు చుక్కలు మొదలుపెట్టి, మెల్లగా తగ్గించుకుంటూ వద్దామంది మేడమ్. తల్లికి కూడా వేరే డాక్టర్‌ను పిలిపించింది. ఒక్కసారిగా ఆపితే ఆమెకూ ప్రమాదమే. ఆమె గోలీలు ఆ డాక్టర్ తన చేతిలోకి తీసుకుని లెక్కగా తగ్గిస్తానన్నాడు. ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని తల్లిపాలు పట్టొచ్చన్నారు.

భర్తకు చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టానికి వదిలేసింది మేడమ్, కానీ చెబితేనే మంచిదంది. ఆమె రెండు రోజులు తటపటాయించింది. మూడోనాడు, అత్తగారు గురుద్వారాకు వెళ్ళి ఉండగా, అతను ఆఫీసు నుంచి సరాసరి వచ్చినప్పుడు, నన్ను గదిలోనే ఉండమని కళ్ళతో చెప్పి, అతనికి చెప్పింది. హిందీలో, చిన్న చిన్న మాటల్లో. నేను గోడ వైపు తిరిగి బిడ్డ గుడ్డలు మడత పెడుతున్నాను. అతను లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆమె నా వైపు చూసి, ఇంక రాడు అంది.

అతను వచ్చాడు. కిందికి వెళ్ళి కారులో కూర్చుని ఏడ్చాడని కళ్ళు చూస్తే తెలిసిపోయింది. గుమ్మంలోనే నిలబడి, "ఆ గోలీలు తెచ్చింది నేనే కదా" అన్నాడు హిందీలో. వాళ్ళ వీధి చివర మందుల షాపువాడు చిన్నప్పటి నుంచీ తెలిసినవాడు. చీటీ అడగకుండా ఇచ్చేవాడు. భార్య తెమ్మంటే ఇతను తెచ్చేవాడు, నడుం నొప్పి గోలీలే కదా అని. గర్భంతో ఉన్నప్పుడు కూడా తెచ్చాడు. అవి ఏమిటో ఒక్కసారీ చదివి చూడలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా, బిడ్డ వైపే చూస్తూ కూర్చున్నారు. నేను బయటికొచ్చేశాను. అమ్మకు చెప్పొద్దు అన్న ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు. ఇంట్లో అందరికీ అది ఇన్ఫెక్షన్.

ఆ తర్వాత దాదాపు నెల రోజులు ఆ చిన్న గదిలో గడిచాయి. చుక్కల మందు మొదలుపెట్టక తప్పలేదు. పట్టుకున్నా, పాలిచ్చినా వాడికి నిద్ర పట్టేది కాదు. మందు వేసిన మొదటిరోజు వాడు తల్లి గుండె మీద నోరు తెరుచుకుని నిద్రపోతే, ఆమె కదలకుండా, చేయి తిమ్మిరెక్కినా మార్చకుండా అలాగే కూర్చుంది. మంచినీళ్ళు నేనే గ్లాసుతో తాగించాను. తగ్గిందనుకుని మందు కాస్త తొందరగా తగ్గిస్తే మళ్ళీ మొదటికొచ్చింది. ఆ వణుకు, ఆ ఏడుపు. పుండ్లు మానిన మోకాళ్ళు మళ్ళీ ఎర్రబడ్డాయి. మళ్ళీ మందు పెంచి, ఈసారి ఇంకా నిదానంగా తగ్గించారు.

ఆ మోకాళ్ళకు మందు రాస్తున్నప్పుడు ఒకరోజు నాకు ఆమె మీద కోపం వచ్చింది. అది నా మొహంలో కనబడి ఉండాలి.

"తిట్టాలనిపిస్తె తిట్టు," అంది. "నన్ను నేను రోజు తిట్టుకుంటున్న. ఇంకొకరు తిడితె జర తేలికైతది."

నాకు తిట్టాలనిపించలేదు. అదెలా మొదలైందో అడిగాను. ఆమె బిడ్డను ఊపుతూ చెప్పింది. ఆక్సిడెంట్ అయ్యాక నొప్పి కొన్ని నెలల్లో తగ్గిపోయిందట. గోలీలు వేసుకుంటే నొప్పితో పాటు ఇంకొకటి కూడా తగ్గేదట. అమ్మ ఫోన్ ఎత్తదన్న బాధ, ఇంటి నిండా మనుషులున్నా తన మాట తనకే వినబడనట్టు ఉండడం, అదంతా సాయంత్రానికి దూరంగా జరిగేదట. ఎవరూ తనను చెడ్డగా చూడలేదు, అత్తగారు మంచిదే అంది. మంచిగ చూసేటోళ్ళ నడుమ గూడ ఒక్కదాన్నే అనిపిస్తది, అది ఎవరికి చెప్పుకుంట చెప్పు అంది. నాకు మా భోజనాల గది గుర్తొచ్చింది.

నాతో పనిచేసే ఒక పెద్ద సిస్టర్, వరండాలో, అలాంటి ఆడదానికి బిడ్డ ఎందుకు అంది. ఆ గదిలో డ్యూటీ వేస్తే విసుక్కునేది. అందుకని ఆ గదిని నేనే అడిగి తీసుకున్నాను. అదేం త్యాగం కాదు. అక్కడ తెలుగు వినబడుతుంది. బిడ్డ నిద్రపోతే ఇద్దరం గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళం. ఆమె మాటలు కొన్ని నాకు తెలియవు, నావి కొన్ని ఆమెకు నవ్వొచ్చేవి. నేను ఆయ్ అంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. సర్వపిండి ఎలా చేస్తారో చెప్పింది, మా ఊళ్ళో పనసపొట్టు కూర గురించి నేను చెప్పాను. అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు, నువ్వేంటే ఈమధ్య హుషారుగా ఉన్నావు అంది అమ్మ.

పెళ్ళిళ్ళ రోజులవి. ఆసుపత్రి వెనక రోడ్డులో పెళ్ళిమండపాలుండేవి. చీకటి పడే వేళకు బ్యాండు మొదలయ్యేది. ఒక సాయంత్రం బారాత్, పెళ్ళికొడుకు ఊరేగింపు, సరిగ్గా మా కిటికీ కిందే ఆగింది. డోలు మోతకు అద్దాలు అదురుతున్నాయి. వాడు గుక్క తిప్పుకోకుండా ఏడుస్తున్నాడు. నేను స్టోర్ నుంచి దూది రజాయిలు తెచ్చి కిటికీకి అడ్డం పెట్టి, వాటికి వీపు ఆనించి నిలబడ్డాను. ఆమె మూలకు వెళ్ళి, గోడ వైపు తిరిగి, తన శాలువాలో వాడి తలను దాచేసి, ఏదో చెవిలో చెబుతూ ఉంది. అత్తగారు అప్పుడే వచ్చింది. చూసి, చెప్పులు విడిచి, గబగబా కిందికి వెళ్ళింది. కాసేపటికి డోలు ఆగింది. వాళ్ళకు ఏం చెప్పిందో తెలియదు. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, కోడలి పక్కన కూర్చుని, ఆమె వీపు మీద చెయ్యి వేసింది. వీడికి తగ్గితే గురుద్వారాలో సేవ చేస్తానని మొక్కుకున్నానంది. ఆ సమయంలో ఆవిడకు నిజం చెప్పేస్తే ఏమవుతుందని నాకనిపించింది. చెప్పడానికి నేనెవరిని. కోడలు నా వైపు చూసి వెంటనే కళ్ళు దించుకుంది.

వాడు బాగుపడ్డాడు. చెప్పుకోదగ్గ అద్భుతమేమీ జరగలేదు. ఒకరోజు తుమ్ములు ఆగాయి. ఇంకోరోజు పాలు చివరిదాకా తాగాడు. గుడ్డ మారుస్తుంటే ఉలిక్కిపడకుండా నన్ను చూశాడు. చుక్కల మందు పూర్తిగా ఆపిన తర్వాత కొన్నాళ్ళు ఉంచుకుని పంపించారు. ఇంటికి వెళ్ళే రోజు అత్తగారు మళ్ళీ లడ్డూలు తెచ్చింది. కోడలు నా ఫోన్ నంబర్ తీసుకుంది. ఇంటికి రావాలె, పప్పుచారు చేసి పెడత అంది. తప్పకుండా వస్తానక్కా అన్నాను. లిఫ్ట్ తలుపులు మూసుకున్నాక ఆ చిన్న గదికి వెళ్ళి పక్కగుడ్డలు తీసేశాను. మర్నాడు కర్టెన్ కూడా విప్పేశారు. ఆ గది మళ్ళీ సామాన్ల గదైంది.

మొదట్లో ఫోటోలు పంపేది. వాడు నవ్వినప్పుడు, బోర్లా పడ్డప్పుడు. నేను వెంటనే జవాబు రాసేదాన్ని, కాస్త ఎక్కువే రాసేదాన్నేమో. ఆమె మందు ఎంతవరకు తగ్గిందని ఒకసారి అడిగాను. జవాబు రాలేదు. కొన్ని రోజుల తర్వాత ఒక నవ్వుబొమ్మ మాత్రం వచ్చింది. ఉగాదికి శుభాకాంక్షలు పంపాను. చూసినట్టు నీలం గీతలు వచ్చాయి, మాట రాలేదు. ఇంటికి రమ్మన్న పిలుపు నేను గుర్తుచేయలేదు. ఎండాకాలంలో ఒకరోజు చూస్తే వాట్సాప్‌లో ఆమె ఫోటో కనబడటం లేదు. ఫోన్ పాడైందేమో, నంబర్ మారిందేమో అని చాలా దూరం ఆలోచించాను. బ్లాక్ చేసిందన్న మాట మాత్రం మనసులోకి రానివ్వలేదు.

ఆ రోజుల్లో నాకు ఒంటరితనం మునుపటికన్నా ఎక్కువైంది. తెలుగు లేనప్పుడు లేదని ఊరుకున్నాను. నెల రోజులు ఉండి పోయాక ఊరుకోవడం చేతకాలేదు. గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఆమె మాటల్ని పైకి అనుకునేదాన్ని. జర తేలికైతది అని. ఆ యాస నా నోట్లో బాగుండేది కాదు.

రెండేళ్ళ తర్వాత, ఒక సెలవురోజు, స్వెట్టర్ కొనుక్కుందామని సాకేత్‌లో ఒక మాల్‌కి వెళ్ళాను. మెట్లు వాటంతటవే పైకి వెళ్ళే చోట, అరే సిస్టర్ అని ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. అత్తగారు. నన్ను కావలించుకుంది. చూడు చూడు, నీ బిడ్డను చూడు అంది. వాడు నీలం జాకెట్‌లో, ఎర్ర బంతి ఒకటి పట్టుకుని, నాయనమ్మ వేలు విడిపించుకోవాలని గుంజుతున్నాడు. బలంగా ఉన్నాడు. బుగ్గలు గట్టిగా ఉన్నాయి. ఆవిడ చుట్టుపక్కలవాళ్ళకు కూడా వినబడేలా, పుట్టినప్పుడు వీడికి ఎంత పెద్ద ఇన్ఫెక్షనో, ఈ కేరళ సిస్టరే కాపాడింది అని చెబుతోంది. కొంచెం వెనక, చేతిలో సంచులతో, ఆమె నిలబడి ఉంది.

ఆమె మొహంలో రంగు లేదు. నేను ఏం అంటానో అని నా నోటి వైపే చూస్తోంది. నాకు అర్థమైంది. హిందీలో, అవును మాతాజీ, పెద్ద ఇన్ఫెక్షనే, ఇప్పుడు చూడండి ఎంత అల్లరివాడయ్యాడో అన్నాను. అలా అంటుంటే ఆమె భుజాలు కాస్త దిగాయి. నమస్తే సిస్టర్ అంది, హిందీ పలుకుబడితో. కైసీ హైఁ ఆప్ అంది. ఠీక్ హూఁ అన్నాను.

వాడు బంతి వదిలేసి పరిగెత్తాడు. నాయనమ్మ వాడి వెనక వెళ్ళింది. మేమిద్దరం మిగిలాం. ఆమె సంచులు కింద పెట్టలేదు. తొందరగా, తెలుగులో అంది.

"పూర్తిగ బంద్ చేసిన. ఏడాది దాటింది."

చాలా మంచిదక్కా అన్నాను. నిజంగానే నాకు సంతోషమేసింది.

"నీతోని మాట్లాడాలని ఎన్నిసార్లో అనుకున్న. నీ పేరు ఫోన్ల కనబడితెనే ఆ గది యాదికొస్తది. ఆ మోకాళ్ళు యాదికొస్తయి. నాతోని కాలే. కోపం జేసుకోకు చెల్లె."

కోపం లేదన్నాను. ఇంకేమైనా అంటే బాగుండేదని ఆ తర్వాత అనిపించింది గానీ, అప్పుడు ఆ మాటే వచ్చింది. వాడిని ఎత్తుకుని అత్తగారు తిరిగి వస్తోంది. ఆమె వెంటనే హిందీలోకి వెళ్ళిపోయి, వీడికి ఆకలేస్తోందేమో మమ్మీజీ అంది. అత్తగారు నన్ను ఇంటికి రమ్మని పిలిచింది, అడ్రస్ చెప్పమని కోడలికి చెప్పింది. సిస్టర్ దగ్గర నా నంబర్ ఉంది అంది కోడలు. ఉందన్నాను నేను.

వాళ్ళు మెట్రో వైపున్న ద్వారం దగ్గరికి వెళ్ళారు. వాడు నాయనమ్మ భుజం మీద తల పెట్టి, కళ్ళు మూసుకుంటూ తెరుస్తూ ఉన్నాడు. పుట్టిన నెల్లాళ్ళూ తను ఎందుకు అలా ఏడ్చాడో వాడికి ఎప్పటికీ తెలియదు. తెలిసినవాళ్ళం కొద్దిమందిమే ఉన్నాం. అందులో ఇద్దరు వాడిని పెంచుతున్నారు. డాక్టర్ మేడమ్‌కు ఆ తర్వాత ఎంతమంది పిల్లలో. వాడిని ఊరికే తలుచుకునేదాన్ని నేనే అయి ఉంటాను. తలుచుకోవడం ఆపమని ఆమె నన్ను అడగలేదు. కనబడకుండా ఉండమని కూడా నోటితో అడగలేదు.

నేను వెళ్ళాల్సింది కూడా ఆ ద్వారం వైపే. ప్లాట్‌ఫామ్ మీద మళ్ళీ ఎదురుపడితే ఆమెకు ఇబ్బంది. స్వెట్టర్ల దుకాణంలోకి వెళ్ళి, వేసుకుని చూడకుండానే ఒకటి కొని, రెండో ద్వారం గుండా బయటికొచ్చి, ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాను.